సంతృప్తి ఎవరిది?

ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉందనుకుందాం, ఇరవైనాలుగు గంటల సగటున. పీఎం 2.5 అంటే అడ్డుకొలత రెండున్నర మైక్రాన్లకి మించని రేణువులు, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ఇదే గాలి అమెరికాలో ఉంటే అక్కడి ప్రభుత్వ సూచీ ఎర్ర రంగు చూపించి ‘అనారోగ్యకరం’ అంటుంది. మన సూచీ లేత ఆకుపచ్చ రంగు చూపించి ‘సంతృప్తికరం’ అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారమైతే రోజు సగటు 15 దాటకూడదు. అంటే నాలుగింతలున్నా మనకి సంతృప్తే. ఊపిరితిత్తులు అక్కడా ఇక్కడా ఒకటే, రేణువులూ ఒకటే. మారిందల్లా విశేషణం.

ఇది సాహిత్య పత్రిక కదా, కాలుష్య నియంత్రణ మండలి లెక్కలతో మనకేం పని అని మీరు అడగొచ్చు. విశేషణం మన డిపార్టుమెంటు కాబట్టే పని. ఒక కథలో అనవసరమైన విశేషణం పడితే నాలుగు పేజీలు ఉతికి ఆరేసే విమర్శకులున్నారు మనకి. కోట్లమంది రోజంతా పీల్చే గాలికి తగిలించిన విశేషణం గురించి మాత్రం ఎక్కడా ఒక్క పేరా కనబడదు. మన ఊళ్ళ గాలి చెడిపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే: బొగ్గు, డీజిలు, చెత్త మంటలు, పొగగొట్టాలు, పొయ్యిలు. ఆ చెడిపోవడం మన కంట పడకుండా చేస్తున్నవి మాత్రం కొన్ని మాటలు. వాటిలో కొన్ని ప్రభుత్వం కనిపెట్టినవి, కొన్ని అచ్చంగా మనవి. ఈ రెండో రకం గురించే నా గొడవంతా. అయినా మొదటి రకంతోనే మొదలుపెట్టాలి.

మన జాతీయ వాయు నాణ్యతా సూచీ, అదే ఏక్యూఐ, 2015 ఏప్రిల్‌లో మొదలైంది. ఆరు మెట్లు. 50 దాకా మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా మోస్తరు, ఆ పైన నాసిరకం, మరీ నాసిరకం, తీవ్రం. ‘సంతృప్తికరం’ అన్న మెట్టు పక్కనే ప్రభుత్వం రాసుకున్న ఆరోగ్య సూచన ఒకటుంటుంది. సున్నితమైన వాళ్ళకి శ్వాసలో కాస్త ఇబ్బంది కలగొచ్చని దాని సారాంశం. ఇక ‘మోస్తరు’ మెట్టు దగ్గర ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అని జాబితా పెరుగుతుంది. మీ ఇంట్లో పిల్లలు, ముసలివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండె స్టెంట్ వేయించుకున్నవాళ్ళు పోగా ఎంతమంది మిగులుతారో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఆ మిగిలినవాళ్ళకి మాత్రమే అది మోస్తరు గాలి.

దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మనది దుమ్ము ఎక్కువ ఉన్న దేశం, పేద దేశం, జెనీవాలో కూర్చుని రాసిన అంకెలు మనకి వర్తించవు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఎడారి దుమ్ము, సముద్రపు ఉప్పు మన చేతిలో లేవు. కానీ ఈ అభ్యంతరం ప్రపంచ ఆరోగ్య సంస్థకీ తెలుసు. అందుకే ఏడాది సగటు 5 అని చెప్పి ఊరుకోకుండా దారిలో నాలుగు మజిలీలు పెట్టింది: 35, 25, 15, 10. అన్నిటికంటే తేలికైన మొదటి మజిలీ 35. మనం 2009లో పెట్టుకున్న ఏడాది ప్రమాణం 40. అంటే మొదటి మజిలీకి కూడా ఇవతలే గుడారం వేసుకున్నాం. పేదరికం వల్ల అక్కడికి చేరలేకపోవడం వేరు. చేరకుండానే చేరామని బోర్డు పెట్టుకోవడం వేరు. ‘ఇంకా రాలేదు’ అనడానికి ఏ ఖర్చూ లేదు.

*

నా ఉద్యోగం సర్వర్ల మీద ఒక కన్నేసి ఉంచడం. మా టీముల్లో కొత్తగా చేరిన పిల్లలకి మొదట మాన్పించే అలవాటు సగటు చూపించి సంబరపడటం. సగటున రెండొందల మిల్లీసెకన్లలో పేజీ తెరుచుకుంటోంది అని ఎవరైనా గ్రాఫ్ పెడితే, పీ99 ఎంతో చెప్పమ్మా అంటాం. అంటే వందమందిలో అట్టడుగున ఉన్న ఆ ఒక్కడికి ఎంతసేపు పడుతోందని. వాడికి పది సెకన్లు పడుతుంటే మిగతా తొంభైతొమ్మిది మంది వేగం వాడికేం ఊరట? బిల్లు కట్టే పేజీ విషయంలో ఇంత పట్టింపు ఉన్న మేం, మా ఊరి గాలి విషయంలో మాత్రం సగటు చూసి ఊరుకుంటాం.

నగరం ఏక్యూఐ అని పేపర్లో వచ్చే అంకె రెండు సార్లు సగటు చేసినది. ముందు ఇరవైనాలుగు గంటల మీద, తర్వాత స్టేషన్లన్నిటి మీద. హైదరాబాద్ గాలిని కొలిచే స్టేషన్లలో ఒకటి సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది, ఒకటి జూపార్క్ దగ్గర ఉంది, ఇంకొకటి పాశమైలారం పారిశ్రామికవాడలో ఉంది. వీటిని కలిపి భాగిస్తే వచ్చే గాలిని పీల్చే మనిషి ఎవడూ ఈ నగరంలో లేడు. యూనివర్సిటీ విద్యార్థి ఆ చెట్ల గాలి పీలుస్తాడు, పాశమైలారంలో రాత్రి షిఫ్టు కార్మికుడు ఆ ఫ్యాక్టరీల గాలి పీలుస్తాడు. సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ పీల్చేది వేకువ గాలితో కలిపిన సగటును కాదు, ఆ ఏడింటి పొగని.

విశాఖపట్నం సంగతి ఇంకా విచిత్రం. ఒకవైపు సింహాచలం, కైలాసగిరి కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో పళ్ళెంలాంటి పల్లపు నేల. ఆ పళ్ళెంలోనే పోర్టు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, కాస్త అవతల ఉక్కు ఫ్యాక్టరీ. గాలి కదలని రోజు ఆ పళ్ళెంలో పడ్డది పళ్ళెంలోనే ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలు 43 అని తేల్చినప్పుడు విశాఖపట్నం, పటాన్‌చెరు–బొల్లారం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటి విశాఖలో గాలిని నిరంతరం కొలిచి ఇంటర్నెట్లో చూపించే ప్రభుత్వ స్టేషన్ చాలా ఏళ్ళపాటు ఒక్కటే. ఒకే సెన్సర్ పెట్టి సిస్టమ్ మొత్తం ఆరోగ్యంగా ఉందని రిపోర్టు ఇస్తే మా ఆఫీసులో సాయంత్రానికి ఉద్యోగం ఉండదు.

*

ఇక మన మాటల దగ్గరికి వద్దాం. మొదటిది ‘ఢిల్లీ’. ప్రతి నవంబర్లోనూ ఆ బూడిదరంగు ఫొటోలు చూసి, పాపం ఎలా బతుకుతున్నారో అనుకుని, మన కిటికీ తెరిచి హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. ఢిల్లీ మనకి ఒక అద్దంలా పనికొస్తోంది, అందులో మన ముఖం ఎప్పుడూ తెల్లగానే కనబడుతుంది. పైగా అక్కడి విలన్ కూడా మనకి దూరపువాడే: పంజాబులో వరికొయ్యలు తగలబెట్టే రైతు. ఆ మంటలు ఏడాదిలో కొన్ని వారాలే. ఢిల్లీ గాలి మిగతా నెలల్లోనూ ఏమంత గొప్పగా ఉండదని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ అద్దం ఎందుకు అబద్ధమో 2024 జులైలో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. హైదరాబాద్‌తో సహా పది భారతీయ నగరాల్లో 2008–2019 మధ్య జరిగిన 36 లక్షల మరణాలను ఆ రోజుల గాలితో పోల్చి చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతకి పైన ఉన్న పీఎం 2.5 వల్ల ఆ పది నగరాల్లో రోజువారీ మరణాల్లో 7.2 శాతం జరుగుతున్నాయని తేలింది. మొత్తం నష్టం ఢిల్లీలోనే ఎక్కువ, అందులో అనుమానం లేదు. కానీ ఇంకో సంగతి చూడండి. పీఎం 2.5 మరో పది మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు ఢిల్లీలో 0.31 శాతం పెరిగాయి, బెంగళూరులో 3.06 శాతం. గాలి కాస్త బాగున్న చోట ప్రతి అదనపు మైక్రోగ్రాము ఎక్కువ చంపుతోంది. నష్టాన్ని గ్రాఫుగా గీస్తే మొదట్లో నిటారుగా లేచి తర్వాత చదునవుతుంది. ఆ నిటారు భాగంలో ఉన్నది మనలాంటి ‘ఫరవాలేదు’ నగరాలు. దీన్ని బట్టి, కాస్త తగ్గించినా ఎక్కువ ప్రాణాలు నిలిచేదీ మన దగ్గరే. ఢిల్లీతో పోల్చుకుని మనం వదిలేస్తున్నది ఆ ప్రాణాలని.

రెండో మాట ‘మంచు’. డిసెంబర్ వచ్చిందంటే కోకాపేట, నార్సింగి వైపు ముప్ఫయ్యో అంతస్తు బాల్కనీల నుంచి తెల్లటి పొరలో సగం మునిగిన టవర్ల ఫొటోలు, కింద ఒక కవితా పంక్తి. అందులో కొంత మంచే. చలికాలం రాత్రుళ్ళు నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆ రేణువుల చుట్టూనే తేమ చేరుతుంది. అంటే మనం మురిసిపోతున్న ఆ తెల్లదనంలో కొంత ఔటర్ మీద లారీల డీజిలు, కొంత నిన్న రాత్రి ఎవరో తగలబెట్టిన చెత్త, కొంత ఆ టవర్ కట్టడానికి తవ్విన మట్టి. మంచు మీద కవిత్వం రాయొద్దని నేననను. దేని మీద రాస్తున్నారో తెలుసుకుని రాయమంటున్నాను.

మూడోది ‘దుమ్ము’. ఇది ప్రభుత్వానికీ మనకీ ఉమ్మడి. దుమ్ము అనే మాటలో ఒక సౌకర్యం ఉంది. అది ఎవరూ చేసింది కాదు, ఉన్నట్టుండి లేస్తుంది, దానికి యజమాని ఉండడు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రకటించింది. 2024 నాటికి రేణువుల్ని 20 నుంచి 30 శాతం తగ్గిస్తామన్నారు, తర్వాత దాన్ని 2025–26కి 40 శాతం అని మార్చారు. అందులో వందకి పైగా నగరాలు చేరాయి. మనవి తక్కువేం కాదు: విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అనంతపురం, హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, ఇంకా ఉన్నాయి. మంచిదే. కానీ నగరాల పనితీరుకి మార్కులు వేసేటప్పుడు చూస్తున్నది పీఎం 10ని, అంటే ముతక రేణువులని. గుండెకీ మెదడుకీ దారి వెతుక్కునేది సన్న రేణువు, అది ఎక్కువగా పుట్టేది మంట నుంచి. మార్కులు ముతకదానికి వేస్తే ఖర్చు కూడా అటే పోతుంది. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్కగట్టి చూపించింది: ఖర్చుచేసిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము మీద, పరిశ్రమల కాలుష్యం మీద 0.61 శాతం. అందుకే మన ఊళ్ళలో రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చిమ్మే బండ్లు కనబడతాయి. పొగగొట్టం జోలికి పోవడం కంటే రోడ్డు ఊడవడం తేలిక. రోడ్డు ఎదురు కేసు వేయదు.

పొగగొట్టాల సంగతి ఏమైందో కూడా చెప్పాలి. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కి 2015 డిసెంబర్లో పరిమితి పెట్టారు. అందుకు ఎఫ్‌జీడీ అనే పరికరాలు అమర్చాలి, రెండేళ్ళు గడువు. గడువు పెరిగింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ మళ్ళీ పెరిగింది. చివరికి 2025 జులైలో దాదాపు 78 శాతం ప్లాంట్లకి ఆ పరికరాలు అక్కర్లేదని తేల్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ, చుట్టుపక్కల గాలిలో ఆ వాయువు పరిమితిలోనే ఉంది, ఖర్చు ఎక్కువ అని ప్రభుత్వం వాదన. ఆ వాయువు గొట్టం నుంచి బయటికొచ్చాక వాయువుగానే ఉండిపోతే ఆ వాదనకి కొంత బలం ఉండేది. కానీ అది గాలిలో సల్ఫేటుగా మారుతుంది, సల్ఫేటు అంటే పీఎం 2.5, అది వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. ప్లాంటు దగ్గర పెట్టిన వాయువు మీటరుకి అది చిక్కదు. అక్కడెక్కడో పుట్టిన గంధకం ఇక్కడ మీ పాప ఊపిరితిత్తుల్లో లవణంగా దిగుతుంటే, మున్సిపాలిటీ మీ వీధిలో నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది.

*

నాలుగోది పూర్తిగా మనది, సాహిత్యం వాళ్ళది. ‘కట్టెల పొయ్యి’.

మన వెబ్ పత్రికల్లో జ్ఞాపకాల వ్యాసాలు తిరగేయండి. ప్రతి మూడో వ్యాసంలో ఒక అమ్మమ్మో నాయనమ్మో పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. పొగచూరిన గోడలు, మసిపట్టిన దబర, కట్టెల మీద ఉడికిన చేపల పులుసు, ఆ రుచి మళ్ళీ రాదన్న నిట్టూర్పు. హైదరాబాద్‌లో హోటళ్ళు కూడా ఇది కనిపెట్టి ‘కట్టెల పొయ్యి బిర్యానీ’ అని బోర్డులు పెట్టుకుంటున్నాయి. వ్యాసంలో పులుసు వాసన ఉంటుంది, పొగ వాసన కూడా ఉంటుంది. అమ్మమ్మ దగ్గు ఉండదు.

మా అమ్మమ్మది చోడవరం దగ్గర పల్లెటూరు. యాభై ఏళ్ళకి పైగా కిటికీ లేని వంటింట్లో సరుగుడు కట్టెలు, తాటాకులు, పిడకలు పెట్టి వండింది. గొట్టంతో ఊదిన ప్రతిసారీ లోపలికి పీల్చింది. చివరి ఆరేళ్ళు పది అడుగులు వేస్తే ఆయాసం. ఊరిలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, “చుట్ట కాల్చేదా?” అని. మా ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం మామూలే కాబట్టి ఆ ప్రశ్న సబబే. మా అమ్మ “లేదండీ, ఎప్పుడూ ముట్టలేదు” అంది. ఆయన తల ఊపి వయసు మీదపడింది కదమ్మా అన్నారు. పొయ్యి గురించి ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు కూడా, అడగాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు కాబట్టి. అమ్మమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఆమె చేతి వంట గురించే మాట్లాడారు.

2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల పోయిన ప్రాణాలు 16.7 లక్షలని అంచనా. అందులో దాదాపు 6.1 లక్షలు బయటి గాలివి కావు, ఇంట్లో పొగవి. ఈ సంఖ్యలో ఎంతమంది అమ్మమ్మలో మీరే ఊహించుకోండి. తెలుగులో వంటింటి మీద మోజుని బద్దలుకొట్టే పని విమల ‘వంటిల్లు’ కవితతో ఎప్పుడో మొదలైంది. చాకిరీని చూడటం మనం నేర్చుకున్నాం. ఆ చాకిరీ ఊపిరితిత్తుల్లో ఏం మిగిల్చిందో చూడటం ఇంకా నేర్చుకోలేదు. విచిత్రం ఏమిటంటే సాహిత్యానికంటే ముందు సర్కారుకే ఇది తట్టింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 చివర్లో ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. ఓట్ల లెక్కలు వాటిలో ఉండే ఉంటాయి. రెండో సిలిండరు కొనలేక మళ్ళీ కట్టెలకి వెళ్ళిన ఇళ్ళూ ఉన్నాయి. అయినా ఆ ఎర్ర సిలిండరు ఎంతోమంది ఆడవాళ్ళ ఊపిరిని నిలబెట్టింది. దాని మీద ఒక మంచి కథ వచ్చిందా? ఉచితాలని వెక్కిరించే పోస్టులు మాత్రం మన సాహిత్య మిత్రుల నుంచే బోలెడు.

జ్ఞాపకం మీద ఆంక్షలు పెడతావా అని కోప్పడేవాళ్ళుంటారు. ఆంక్షలేం లేవు. పులుసు గురించి రాయండి, బ్రహ్మాండంగా రాయండి. తిన్నవాళ్ళ జ్ఞాపకం మాత్రమే జ్ఞాపకం అనుకోవద్దు, అంతే. వండినామె జ్ఞాపకం అడిగితే అందులో రుచి కంటే ముందు కళ్ళ మంట ఉంటుంది.

*

చివరి మాట ‘ప్రత్యక్ష సంబంధం’. పార్లమెంటులో గాలి కాలుష్యం మరణాల గురించి ఎవరు అడిగినా ఏళ్ళ తరబడి వస్తున్న జవాబు ఒకటే. కేవలం గాలి కాలుష్యం వల్లే చనిపోయారని ప్రత్యక్షంగా నిరూపించే నిర్ధారిత సమాచారం లేదు అని. పైన చెప్పిన 16.7 లక్షల అంచనా ఎవరిదో తెలుసా? అందులో భాగస్వామి భారత వైద్య పరిశోధనా మండలి, సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ. ఒక శాఖ లెక్కపెడుతుంది, ఇంకో శాఖ ఆ లెక్క లేదంటుంది. ఇందులో కిటుకంతా ‘కేవలం’ అన్న మాటలో ఉంది. కేవలం సిగరెట్ వల్లే పోయాడని కూడా ఏ ఒక్క మనిషి గురించీ నిరూపించలేం. అయినా పెట్టె మీద పుండ్ల బొమ్మ వేయడానికి ఎవరూ వెనకాడలేదు.

లండన్‌లో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అని ఒక పిల్ల ఉండేది. రద్దీగా ఉండే పెద్ద రోడ్డు పక్కన ఇల్లు. ఉబ్బసంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి 2013లో తొమ్మిదేళ్ళకే చనిపోయింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే 2020 డిసెంబర్లో విచారణ అధికారి ఆ పిల్ల మరణ కారణాల్లో ఒకటిగా గాలి కాలుష్యాన్ని రాశారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదటిసారి. ఆ తల్లి కోరింది కాగితం మీద ఒక సరైన మాట. మా అమ్మమ్మ కాగితం మీద ‘వయసు’ అని ఉంది.

చేతకాదు అనుకోవడానికి వీల్లేదు. చేతనైనవి మన దగ్గరే ఉన్నాయి. 2000లో పెట్రోల్లోంచి సీసం తీసేశాం. 2020 ఏప్రిల్లో బీఎస్ 4 నుంచి ఒక మెట్టు వదిలేసి నేరుగా బీఎస్ 6కి దూకాం, ఇంధనంలో గంధకం పది లక్షల్లో 50 పాళ్ళ నుంచి 10కి వచ్చింది. ప్రపంచంలో చాలా దేశాలు అంత తొందరగా చేయలేదు. బీజింగ్‌లో 2013లో ఏడాది సగటు పీఎం 2.5 దాదాపు 90, 2021కి 33. వాళ్ళది నిరంకుశం కాబట్టి చేయగలిగారంటారు. లండన్‌లో 1952 డిసెంబర్లో పొగమంచు వేలమందిని చంపితే నాలుగేళ్ళకి చట్టం చేసింది ప్రజాస్వామ్యమే. జరిగిన ప్రతిచోటా బొగ్గునీ ఇంధనాన్నీ ముట్టుకున్నారు. ముట్టుకోకుండా చేసినవి ఎలా ఉంటాయో ఢిల్లీలో ఉన్నాయి. 2021లో 20 కోట్లకి పైగా పోసి నిలబెట్టిన స్మాగ్ టవర్ ఒకటి, 2025 అక్టోబర్లో చినుకు రాల్చని మేఘమథనం ఇంకొకటి.

మన వర్గం చేస్తున్నది ఏమిటయ్యా అంటే, బెడ్రూమ్‌కొక ప్యూరిఫయర్ కొని తలుపేసుకోవడం. దాన్నీ తప్పని అనను, పసిపిల్లలున్న ఇల్లు ఏం చేస్తుంది? కానీ ఆ తలుపు బయట వాచ్‌మన్ ఉంటాడు. చలికి రెండు పుల్లలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు ముట్టించుకుంటే కమ్యూనిటీ గ్రూపులో అతని ఫొటో పెట్టి కాలుష్యం అని తిట్టేది మనమే. 78 శాతం ప్లాంట్లకి మినహాయింపు ఇచ్చిన రోజు ఆ గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు.

నేను అడిగేది చిన్న పని. మాటలతో బతికేవాళ్ళం కదా, మాటల దగ్గర మొదలుపెడదాం. పొగ గురించి రాసినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో రాద్దాం. దుమ్ము అన్నప్పుడు లేపినవాణ్ణి కూడా వాక్యంలోకి తెద్దాం. ఎవరైనా కట్టెల పొయ్యి మీద మురిపెంగా వ్యాసం పంపితే సంపాదకులు వెనక్కి పంపక్కర్లేదు, “ఆమెకి దగ్గు ఉండేదా?” అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇంకొకటి, ఇంజనీరుని కాబట్టి ఒక చిట్కా. రేపు పొద్దున్న పేపర్లో మీ ఊరి ఏక్యూఐ 100 లోపు కనబడి, ప్రధాన కాలుష్యకం పీఎం 2.5 అని ఉంటే, ఆ అంకెని 25తో భాగించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజుకి పెట్టిన హద్దుకి మీ గాలి ఎన్ని రెట్లుందో వస్తుంది. 50 అయితే రెండింతలు, దాన్ని మన సూచీ ‘మంచిది’ అంటుంది. 75 అయితే మూడింతలు, 100 అయితే నాలుగింతలు, ఆ రెండూ ‘సంతృప్తికరం’. లెక్క చేసి ఆ పత్రికకి ఉత్తరం రాయండి, విశేషణం తీసేసి ఈ అంకె వేయమని. వాళ్ళు వేయకపోతే మళ్ళీ రాయండి.